వారెంట్ లేకుండా ఫోన్ చూడొచ్చా, వినొచ్చా? హనుమకొండ కోర్టు నుంచి ఒక జవాబు

ప్రశ్న ఇదీ (కాస్త కుదించాను): "అన్నా, కోచింగ్ కోసం నైంనగర్‌లో రూమ్ తీసుకుని ఉంటున్న. తొమ్మిది రోజుల కింద రాత్రి పదకొండు గంటలకు ఒక చౌరస్తాలో పోలీసులు బండి ఆపిండ్రు. లైసెన్స్, ఆర్సీ చూపించిన. తర్వాత ఫోన్ అన్‌లాక్ చేయమని వాట్సాప్‌లో ‘గంజాయి’, ‘మాల్’ అని కొట్టి చూసిండ్రు. గ్యాలరీ కూడా తిప్పిండ్రు. ఏం దొరకలే, పంపించేసిండ్రు. ఇంకోటి. ఊళ్లో మా నాన్న భూములు పోతున్న రైతుల ధర్నాలో తిరుగుతున్నడు. అప్పటి నుంచి మఫ్టీలో ఒకాయన ఇంటికొచ్చి ఎవరెవరు వస్తున్నరని అడుగుతున్నడు. నాన్న ఫోన్లో గొంతు రెండుసార్లు వినిపిస్తోంది, ట్యాపింగే అంటున్నరు అందరూ. వారెంట్ లేకుండా ఇవన్నీ చేయొచ్చా?"

తమ్ముడూ, హనుమకొండ కోర్టులో క్రిమినల్ కేసులు చూడబట్టి 27 ఏళ్లయింది. పంజాగుట్ట ఫోన్ ట్యాపింగ్ కేసు బయటికొచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న వారానికొకసారైనా వస్తోంది. వచ్చేవాళ్లలో సగం మంది ‘వారెంట్ లేదు కాబట్టి చెల్లదు కదా సార్’ అని ధీమాగా కూర్చుంటారు. ముందు ఆ ధీమా సంగతి చూద్దాం.

ఫోన్ ట్యాపింగ్‌కి మన దేశంలో జడ్జి సంతకం అక్కర్లేదు. ఏనాడూ లేదు. 1885లో తెల్లదొరలు చేసిన టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 5(2) ఆ అధికారాన్ని నేరుగా ప్రభుత్వం చేతిలో పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని అలాగే ఉంచుకున్నాం. రాజకీయ నాయకుల ఫోన్లు వింటున్నారని గోల అయ్యాక పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకి వెళ్లి, ముందుగా జడ్జి అనుమతి ఉండాలని అడిగింది. 1996 డిసెంబర్ 18న తీర్పు వచ్చింది. చట్టంలో లేని జడ్జిని మేం తెచ్చి పెట్టలేం అన్నారు. దానికి బదులు కొన్ని షరతులు పెట్టారు: ఆర్డర్ మీద హోం సెక్రటరీ సంతకం ఉండాలి, కారణం రాయాలి, రెండు నెలలకు గడువు తీరాలి, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, ఒక రివ్యూ కమిటీ దాన్ని చూడాలి. 2007లో అవే 419ఎ నిబంధనగా మారాయి. ఇప్పుడు పాత చట్టం స్థానంలో 2023 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం సెక్షన్ 20, దాని కింద 2024 డిసెంబర్‌లో వచ్చిన నిబంధనలు నడుస్తున్నాయి. పేర్లు మారాయి గానీ గడువులు అవే, 60 రోజులు, మొత్తం 180 రోజులు.

ఇక రివ్యూ కమిటీలో ఎవరుంటారో చూడు. రాష్ట్రంలో అయితే చీఫ్ సెక్రటరీ, న్యాయశాఖ సెక్రటరీ, హోం కాకుండా ఇంకో సెక్రటరీ. అంటే అడిగేది పోలీసు శాఖ, ఇచ్చేది హోం శాఖ, సరిగ్గా ఇచ్చారా లేదా అని చూసేది పక్క గదిలో ఉన్న పెద్ద ఆఫీసరు. మన ఏనుమాముల మార్కెట్‌లో ఖరీదుదారే కాంటా పెట్టి, ధర కూడా తనే రాసి, తూకం తేడా వచ్చిందంటే విచారణకు తన పార్ట్‌నర్‌నే పంపితే మిర్చి రైతు ఊరుకుంటాడా? ఆ మధ్యాహ్నమే గేటుకి తాళం పడుతుంది. ఫోన్ల విషయంలో ఊరుకుంటున్నాం, ఎందుకంటే మన బస్తా తూకానికి పెట్టారన్న సంగతే మనకు తెలియదు. విన్నామని ఆ తర్వాతైనా చెప్పాలన్న నియమం ఎక్కడా లేదు.

దీనికి ఒక దొడ్డిదారి కూడా ఉంది. మారుమూల ప్రాంతమనో, ‘ఆపరేషనల్’ కారణమనో చెప్పి హోం సెక్రటరీ ఆర్డర్ రాకముందే వినడం మొదలుపెట్టొచ్చు. రాష్ట్రంలో ఐజీ స్థాయికి తగ్గని అధికారి అనుమతిస్తే చాలు. మూడు పనిదినాల్లో హోం సెక్రటరీకి తెలపాలి, ఏడు పనిదినాల్లో ఆయన ఖరారు చేయాలి. ఖరారు కాకపోతే వెంటనే ఆపాలి, విన్నది దేనికీ వాడకూడదు. కాగితం మీద బాగానే ఉంది. ఆ ‘ఆపరేషనల్’ అన్న మాట ఎంత సాగుతుందో పోలీసు శాఖలో పనిచేసిన ఎవరినైనా ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు.

2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైన కేసు ఇక్కడే మనకు పాఠం. మావోయిస్టుల మీద నిఘాకని పెట్టిన పోలీసు విభాగం ఎస్‌ఐబీ యంత్రాలతో రాజకీయ నాయకులు, వ్యాపారులు, ఇంకా ఎందరివో ఫోన్లు విన్నారని, 2023 డిసెంబర్‌లో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని అభియోగం. హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. ఎవరు దోషులో కోర్టు తేల్చాలి, నేను ఆ జోలికి పోను. నాకు నచ్చని సంగతి వేరే ఉంది. విన్న రికార్డులనూ, ఆర్డర్లనూ అవసరం తీరాక ఆరు నెలలకోసారి చెరిపేయాలని నిబంధనలే చెబుతున్నాయి. మన గుట్టు కాపాడడానికి పెట్టిన నియమం అది. అదే నియమం తప్పు చేసినవాడి ఆనవాలు కూడా తుడిచేస్తుంది. ఆర్డర్లు ఎన్ని ఇచ్చారు, కమిటీ ఎన్నింటిని కొట్టేసింది అన్న లెక్కనైనా ఏటా శాసనసభ ముందు పెట్టమంటే ఎవరి రహస్యం పోతుంది? అదీ లేదు.

అమెరికాలో జడ్జి ఉంటాడు కదా అని మా జూనియర్లు అంటుంటారు. ఉన్నాడు, 1978 నుంచి గూఢచర్య నిఘాకు ప్రత్యేక కోర్టే ఉంది. అయినా 2001 దాడుల తర్వాత వాళ్ల అధ్యక్షుడు ఆ కోర్టును పక్కనపెట్టి నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏతో వినిపించాడు, 2005 డిసెంబర్‌లో పత్రికలు బయటపెట్టేదాకా జనానికి తెలియలేదు. కాబట్టి జడ్జి ఉంటే చాలు అని నేననను. బ్రిటన్‌లో 2016 చట్టంతో మంత్రి సంతకం మీద ఒక న్యాయ కమిషనర్ ఆమోదం కూడా కావాలన్నారు. నాకైతే అది మనకు సరిపడే పద్ధతి అనిపిస్తుంది. సరే, మనది మనం చూసుకుందాం.

జడ్జి లేకపోయినా మన చట్టంలో రెండు గడపలున్నాయి. ‘పబ్లిక్ ఎమర్జెన్సీ’ అయినా ఉండాలి, ‘పబ్లిక్ సేఫ్టీ’ అవసరమైనా ఉండాలి. ఆ గడప దాటాకే దేశ భద్రత, శాంతిభద్రతలు, నేరానికి రెచ్చగొట్టడాన్ని ఆపడం వంటి కారణాల్లో ఒకటి చూపాలి. మామూలు నేరాలు పట్టుకోవడానికి ఇది పనికిరాదన్నది చాలా కోర్టుల మాట. లంచం కేసులో ఇచ్చిన ట్యాపింగ్ ఆర్డర్లను 2019లో బొంబాయి హైకోర్టు కొట్టేసి, రికార్డులు నాశనం చేయమంది. 2025 జూలైలో మద్రాసు హైకోర్టు అదే దారిలో వెళ్లింది. దానికి వారం ముందే ఢిల్లీ హైకోర్టు మాత్రం పెద్ద అవినీతి ప్రజాభద్రతకే ముప్పు అని ట్యాపింగ్‌ని సమర్థించింది. రెండు హైకోర్టులు వారం తేడాలో రెండు మాటలు చెప్పాయి కాబట్టి ఎప్పటికైనా సుప్రీంకోర్టు తేల్చాల్సిందే.

ఈ గడపలు కూడా లేని చట్టం ఇంకోటుంది, ఐటీ చట్టం సెక్షన్ 69. కంప్యూటర్, ఫోన్లో ఉన్న సమాచారం విషయంలో ఎమర్జెన్సీ ఉండక్కర్లేదు, ‘ఏదైనా నేర దర్యాప్తు’ అన్నా చాలు. దీనికీ హోం సెక్రటరీ ఆర్డరే. ల్యాండ్‌లైన్ కాలంలో పెట్టుకున్న కాపలా కంటే ఇంటర్నెట్ కాలంలో పెట్టుకున్న కాపలా పల్చన. దీని గురించి గట్టిగా అరిచినవాళ్లు తక్కువ.

ఇక మీ నాన్న ఫోన్లో గొంతు రెండుసార్లు వినిపించడం. అది ట్యాపింగ్ కాదు, సిగ్నలో, స్పీకరో, టవరో. పూర్వం టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లో తీగకు తీగ కలిపి వినే రోజుల్లో టిక్కుటిక్కు మనేది, నిజమే. ఇప్పుడు ఆర్డర్ కంపెనీ నోడల్ ఆఫీసర్‌కి వెళ్తుంది, వాళ్ల సిస్టమ్‌లోనే కాల్‌కి ఒక నకలు తయారై పోలీసులకు చేరుతుంది. మీకు ఏ చప్పుడూ రాదు. అంటే చప్పుడు వస్తే ట్యాపింగ్ అనుకోవద్దు, రాకపోతే లేదనీ అనుకోవద్దు. నిజంగా వింటున్నారా అని ఆర్టీఐ వేసినా పని కాదు, దేశ భద్రత మినహాయింపు చూపి తిప్పి పంపుతారు.

ఎక్కువగా జరిగేది అసలు వినడమే కాదు. కాల్ డేటా. ఎవరికి చేశావు, ఎప్పుడు చేశావు, ఎన్ని నిమిషాలు, ఏ టవర్ కింద ఉన్నావు. దీనికి హోం సెక్రటరీ కూడా అక్కర్లేదు, ఎస్పీ స్థాయి అధికారి నుంచి కంపెనీకి లేఖ పోతే వస్తుంది. కంపెనీలు కనీసం రెండేళ్ల రికార్డు ఉంచాలి. ధర్నాకి ముందురోజు మీ నాన్న ఏ ఊరి వాళ్లతో మాట్లాడాడో తెలుసుకోవడానికి ఆయన మాటలు వినక్కర్లేదు, ఆ జాబితా చాలు. మాటల కంటే జాబితాయే ఎక్కువ చెబుతుందని నా అనుభవం. మనిషి మాటల్లో అబద్ధం చెబుతాడు, టవర్ చెప్పదు. సరే, చెబుతుంది ఒక్కోసారి. కాజీపేటలో ఉన్నవాణ్ని మడికొండ టవర్ కింద చూపించిన కేసు నేనే చేశాను.

వాట్సాప్ వచ్చాక ఇంకో మార్పు జరిగింది. దారిలో తాళం వేసి వెళ్లే సందేశాన్ని ఫోన్ కంపెనీ వినలేదు, చదవలేదు. కాబట్టి చదవాలంటే రెండే దార్లు. ఒకటి పెగాసస్ లాంటి స్పైవేర్‌ని ఫోన్‌లోకి పంపడం. ఆ గొడవ సుప్రీంకోర్టుకి వెళ్తే 2021 అక్టోబర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారి బెంచ్, దేశ భద్రత అన్న ఒక్క మాట చెప్పి ప్రభుత్వం ప్రతిసారీ తప్పించుకోలేదని చెప్పి నిపుణుల కమిటీ వేసింది. కమిటీ 29 ఫోన్లు చూసింది. అయిదింటిలో ఏదో మాల్‌వేర్ ఉంది, అది పెగాససే అని తేలలేదు, కేంద్రం సహకరించలేదు అని 2022లో కోర్టు చెప్పింది. అదంతా కోట్ల రూపాయల ఆట. రెండో దారి చవక. రాత్రి పదకొండింటికి చౌరస్తాలో బండి ఆపి, ‘ఫోన్ తెరువు’ అనడం.

నీకు జరిగింది అదే. దీనికి ఏ చట్టం ఉందో ఒక్కొక్కటే చూద్దాం. బండి ఆపితే లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్ అడగొచ్చు, నోట్లో పైపు పెట్టి ఊదమనొచ్చు. అది మోటారు వాహనాల చట్టం, తాగి నడిపితే పెట్టేది అందులో అందరికీ తెలిసిన 185. విచిత్రంగా వారెంట్ లేకుండా సోదా చేసే అధికారం కూడా కొత్త నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లో 185వ సెక్షనే. కానీ దానికి ముందు ఒక నేరం మీద దర్యాప్తు నడుస్తుండాలి, ఫలానా వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి కారణం ఉండాలి, ఆ కారణం సోదాకి ముందే రాయాలి, సోదాని వీడియో తీయాలి, ఆ రాతల నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కి పోవాలి. సెక్షన్ 94 కింద ఫోన్ తెమ్మనాలన్నా దర్యాప్తు ఉండాలి, స్టేషన్ అధికారి రాతపూర్వక ఆదేశం ఉండాలి. గంజాయి చట్టం సెక్షన్ 43 బహిరంగ స్థలంలో వారెంట్ లేకుండా ఆపి సోదా చేయనిస్తుంది, కాకపోతే ‘ఈ మనిషి’ మీద నమ్మదగ్గ కారణం ఉండాలి. ఒంటి మీద సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో చేయించుకునే హక్కు నీకుందని సెక్షన్ 50 ప్రకారం వాళ్లే చెప్పాలి. రోడ్డు మీద పోయే ప్రతి కుర్రాడి వాట్సాప్‌లో ‘మాల్’ అని వెతకడం వీటిలో ఏ గూటిలోనూ ఇమడదు. (ఆ మాటకొస్తే ‘మాల్’ అని వెతికితే మా ఇంట్లో షాపింగ్ మాల్‌కి పోదామన్న మెసేజ్‌లు యాభై దొరుకుతాయి.)

2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఇలాగే ఫోన్లు చూస్తున్న వీడియో బయటికొచ్చి గోలైంది. జనమే సహకరిస్తున్నారు, బలవంతం లేదని పోలీసులు అన్నారు. చట్టంలో ఆ మాటకు బలం ఉంది, అందుకే జాగ్రత్త. నువ్వు నీ చేత్తో అన్‌లాక్ చేసి ఇస్తే అది నీ ఇష్టంతో ఇచ్చినట్టు. అర్ధరాత్రి, చుట్టూ నలుగురు యూనిఫాంలో, బండి తాళం చెవి వాళ్ల జేబులో ఉన్నప్పుడు నా ఇష్టం అంటే ఏమిటో కోర్టులో వాదించుకోవచ్చు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, దాన్ని తాకాలంటే ఒక చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు అన్నారు. చౌరస్తా తనిఖీ మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది.

మళ్లీ ఆపితే ఏమనాలి? ‘సార్, బండి కాగితాలు ఇవిగో. ఫోన్ ఏ కేసులో చూస్తున్నారు సార్, నోటీస్ ఇస్తే స్టేషన్‌కి తెస్తాను.’ అంతే. గొంతు పెంచకు. ఫోన్ లాక్కుంటే తిరిగి లాక్కోవద్దు. పెనుగులాట జరిగితే ప్రభుత్వోద్యోగి మీద దాడి అని కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ 132 పెడతారు, అప్పుడు అసలు విషయం పోయి నువ్వు బెయిలు కోసం అదాలత్ సెంటర్‌లో నా దగ్గరికి రావాలి. చట్టబద్ధమైన ఆదేశం పాటించనివాణ్ని నిలిపి ఉంచే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ 172లో ఉంది కూడా. ఆదేశం చట్టబద్ధమా కాదా అన్నది అక్కడ రోడ్డు మీద తేలదు. నువ్వు ఒప్పుకోలేదన్న మాట ఒక్కసారి, నలుగురికీ వినపడేలా, మర్యాదగా చెప్పి ఊరుకో. ఫోన్ తీసుకెళ్తే పంచనామా అడుగు, అందులో ఐఎంఈఐ నంబర్ రాశారో లేదో చూడు.

అయితే, అక్రమంగా తీసిన సాక్ష్యం కోర్టులో చెల్లదు కదా అనుకోకు. ఇక్కడ నాకే ఒక చేదు అనుభవం ఉంది. 2015 ఎండాకాలం, బెదిరించి డబ్బు వసూలు చేశారన్న కేసు, ముద్దాయి తరఫున నేను. వాళ్ల బలమంతా ఒక సీడీ, అందులో 14 కాల్స్. హోం శాఖ ఆర్డర్ జిరాక్స్ మాకు ఇచ్చారు. ఆ రాత్రి వంటింటి గోడ మీది తిథుల క్యాలెండర్ దించి, టేబుల్ మీద పరచి, పెన్సిల్‌తో గీతలు పెడుతూ రోజులు లెక్కపెట్టాను. అరవయ్యో రోజు శుక్రవారం పడింది. నడుం విరిచే మూడు కాల్స్ ఆ తర్వాత పదకొండో రోజువి. పొడిగింపు కాగితం ఫైల్లో ఎక్కడా లేదు. మా ఆవిడ లేచి వచ్చి ‘ముహూర్తం చూస్తున్నరా’ అంది.

మర్నాడు దర్యాప్తు అధికారిని బోనులో అడిగాను. మొదట పొడిగింపు ఉందన్నాడు, చూపించమంటే హెడ్డాఫీసులో ఉండొచ్చన్నాడు, చివరికి ‘గుర్తులేదు’ దగ్గర ఆగాడు. గెలిచాననుకున్నాను. న్యాయమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, ‘వకీల్ సాబ్, మల్కానీ కేసు మర్చిపోయారా’ అన్నారు. 1972 తీర్పు అది. సాక్ష్యం ఎలా సంపాదించారన్నది వేరు, కేసుకి సంబంధించిందైతే చాలు, తీసుకోవచ్చని సుప్రీంకోర్టు అప్పుడే చెప్పింది. ఆ మరుసటి ఏడాది పూరన్‌మల్ కేసులో అక్రమ సోదా గురించి కూడా అదే మాట. నా క్యాలెండర్ గీతలన్నీ దండగ. చివరికి ఆ సీడీ పోయింది గానీ, పోయింది ఇంకో కారణానికి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన 65బి సర్టిఫికెట్ వాళ్లు పెట్టలేదు. అది లేకపోతే సీడీ చెల్లదని అంతకు ముందు ఏడాదే, 2014 సెప్టెంబర్‌లో, సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మనిషి గుట్టుని అడ్డుపెట్టి నేను ఆపలేకపోయినదాన్ని ఒక గుమాస్తా మరిచిపోయిన ఒంటి పేజీ ఆపింది. అప్పటికి పుట్టస్వామి తీర్పు రాలేదు, ఇప్పుడు అదే వాదన కాస్త బలంగా చేస్తాను. అయినా ట్రయల్ కోర్టుల్లో మల్కానీయే ఇంకా ముందు పలుకుతుంది.

ఇప్పుడు మీ నాన్న దగ్గరికొచ్చే మఫ్టీ మనిషి. మన ఓరుగల్లుకి ఇది కొత్త కాదు. నేను జూనియర్‌గా చేరిన రోజుల్లో మా సీనియర్ గారు పౌరహక్కుల కేసులు చూసేవారు, ఆఫీసుకి ఎదురుగా ఛాయ్ బండి దగ్గర ఒకాయన పేపర్ పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాడు. పేపర్ పేజీ మాత్రం తిరిగేది కాదు. మా సీనియర్ మాకు ఛాయ్ చెప్పినప్పుడల్లా ‘ఆయనకూ ఒకటి’ అనేవారు. ఆర్నెల్లు గడిచాక ఒకరోజు ఆ మనిషే పైకొచ్చి, మా అమ్మాయి పెళ్లి సార్ అని కార్డు ఇచ్చి వెళ్లాడు. నవ్వుకునే కథే. కానీ ఆ ఆర్నెల్లలో భయపడి మెట్లెక్కని కక్షిదారులు ఎందరో, వాళ్ల కేసులేమయ్యాయో ఎవరూ లెక్క రాయలేదు.

దీని మీద చట్టం పాతదే, గట్టిదే. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద దోపిడీ కేసు సాక్ష్యం లేక పోయింది. పోలీసులు మాత్రం హిస్టరీ షీట్ తెరిచి, అర్ధరాత్రి తలుపు కొట్టి, ఉన్నాడా లేడా అని లేపి చూసేవాళ్లు. 1962లో, అదీ డిసెంబర్ 18నే, సుప్రీంకోర్టు ఆ అర్ధరాత్రి రాకల్ని కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో గమనించు. పోలీసులు తమకు తాము రాసుకున్న నిబంధనలు చట్టం కాదు, చట్టం వెన్ను లేకుండా పౌరుడి స్వేచ్ఛను తాకే అధికారం ప్రభుత్వానికి లేదు. మిగతా నిఘా తప్పుకాదని మెజారిటీ అంటే, మన రాజమండ్రి వాడైన జస్టిస్ కోకా సుబ్బారావు గారు ఒప్పుకోలేదు, గోప్యత కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమే అని వేరుగా రాశారు. ఆయన రాసింది మిగతావాళ్లు ఒప్పుకోవడానికి 55 ఏళ్లు పట్టింది. తర్వాత మలక్ సింగ్ కేసులో జస్టిస్ చిన్నప్పరెడ్డి గారు ఇంకాస్త వివరం చెప్పారు: షీట్‌లో పేరెక్కించాలంటే ఆ మనిషి నేరం చేస్తాడని నమ్మే కారణం ఉండాలి, నిఘా పెట్టినా గుంభనంగా ఉండాలి, నలుగురిలో పరువు తీసేలా, ఇంట్లోకి చొరబడేలా ఉండకూడదు.

కాబట్టి ధర్నాలో కూర్చున్నాడన్న కారణం సరిపోదు. జీవో చూపించినా, స్టాండింగ్ ఆర్డర్ చూపించినా, ‘పైనుంచి చెప్పారు’ అన్నా, అడగాల్సింది ఒకటే: ఇది ఏ చట్టంలో ఏ సెక్షన్? చట్టమే ఉన్నా హద్దు ఉండాలని మన రాష్ట్రం కేసులోనే తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపుల చట్టం సెక్షన్ 73ని సవరించి, కలెక్టర్ ఎవరిని పంపితే వాళ్లు బ్యాంకులోకెళ్లి ఖాతాదారుల కాగితాలు చూడొచ్చన్నారు. కెనరా బ్యాంక్ ఎదురుతిరిగింది. కారణం రాయకుండా, హద్దు లేకుండా అంత అధికారం ఇవ్వడం కుదరదని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన కాగితం బ్యాంకులో ఉన్నా అది మన గుట్టే అని ఆ తీర్పులో ఉంది. ఫోన్ కంపెనీ దగ్గరున్న కాల్ డేటాకి అదే మాట ఎందుకు వర్తించదని నేనడుగుతుంటాను, ఇంకా పూర్తి జవాబు రాలేదు.

మీ నాన్నకి చెప్పు, ఒక నోట్‌బుక్ పెట్టుకోమని. ఆ మనిషి వచ్చిన తేదీ, టైము, ఏమడిగాడు, ఎవరు విన్నారు. వచ్చినప్పుడు మర్యాదగా కూర్చోబెట్టి, పేరు, హోదా, ఏ స్టేషన్ అని అడిగి ఆయన ముందే రాయమను. చాలాసార్లు ఆ పుస్తకం తీయడంతోనే రాకపోకలు తగ్గుతాయి. సాక్షిగా పిలవాలంటే నోటీసు రాసి ఇవ్వాలి. అది ఇవ్వకుండా ఇంట్లో ఆడవాళ్లను ప్రశ్నించడం మొదలుపెడితే మాత్రం ఆలస్యం చేయకుండా హైకోర్టులో రిట్ వేద్దాం.

నీ సంగతి ఇంకా తొందర. జరిగింది కాగితం మీద పెట్టి కమిషనర్‌కి రిజిస్టర్ పోస్టులో పంపు, రసీదు దాచు. మానవ హక్కుల కమిషన్‌కి ఏడాది గడువుంది, దానికి తర్వాత వెళ్లొచ్చు. కెమెరాకి అంత గడువు లేదు. జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, ఆఫీసులు సీసీ కెమెరాలు పెట్టి ఫుటేజ్ 30 రోజులు ఉంచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. నీకు తొమ్మిది రోజులు అయిపోయాయి. ఆ చౌరస్తాలో ఏ షాపు కెమెరా రోడ్డు వైపు తిరిగి ఉందో రేపు పగలు వెళ్లి చూడు, షాపు పేరు, టైము రాసి ఆ ఫుటేజ్ చెరపకుండా ఉంచమని ఫిర్యాదులోనే అడుగు. షాపాయనకి కూడా ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద సంతకం పెట్టించుకో. పెట్టనంటే అది కూడా తేదీతో రాసుకో.